తాళం తిప్పే ముందు: పాత ఎంజీబీ మీద మనసుపడిన మేనల్లుడికి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు మూడుసార్లు చూశాను. మొదటిసారి కారును చూశాను. రెండోసారి కారు కింద నేలను, మూడోసారి వెనక గోడను చూశాను. నేల మీద నూనె మరక లేదు. ఆ వయసు ఇంగ్లీషు కారు కింద మరక లేదంటే, అది మహా చక్కగా ఉండి ఉండాలి, లేదా లోపల కారడానికి నూనే మిగిలి ఉండకూడదు. గోడకేమో నడుం ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. కారు కన్నా ఆ గోడే నాకు ఎక్కువ సంగతులు చెప్పింది. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నీ ప్రశ్న సూటిగానే ఉంది. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఒక పెద్దాయన షెడ్డులో హుద్‌హుద్ తుపాను నాటి నుంచి కదలకుండా ఉన్న 1967 నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఎంజీబీ ఒకవైపు. షోరూములో మెరిసిపోతున్న కొత్త కరెంటు కారు ఎంజీ సైబర్‌స్టర్ మరోవైపు. రెండింటి ముక్కు మీదా ఒకటే గుర్తు, రెండింటికీ రెండే సీట్లు, రెండూ పైకప్పు తీసేసి నడిపేవే. డబ్బు సంగతి పక్కన పెడితే, ఏది ఎక్కువ తృప్తినిస్తుంది అన్నావు. డబ్బు సంగతి పక్కన పెట్టడం నీ వయసులో చెల్లుతుంది. సుమారు 75 లక్షల కారును పక్కన పెట్టడం మీ అత్తయ్యకు మాత్రం సాధ్యం కాలేదు. ఆ సొమ్ముతో మధురవాడలో ఫ్లాటు వస్తుందని వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

పోయిన నెల టెస్ట్ డ్రైవ్‌కు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నావు గుర్తుందా? తెన్నేటి పార్కు దాటాక కాలు నొక్కావు. 510 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు అని నువ్వు చెప్పడం పూర్తయ్యేలోపే నా వీపు సీటుకు అతుక్కుపోయింది. డెబ్భై రెండేళ్ల మనిషిని అబద్ధం చెప్పను, నవ్వొచ్చింది. చిన్నపిల్లవాడిలా నవ్వాను. కానీ ఆ నవ్వు ఎంతసేపు? జోడుగుళ్లపాలెం రాకముందే ముందు ఆటో, దాని ముందు బస్సు. అక్కడి నుంచి ఋషికొండ దాకా మనం నడిపింది 40 కిలోమీటర్ల వేగంతోనే. ఆ దారంతా ఆ కారుకు నీతో ఏ పనీ లేదు. స్టీరింగు వేలితో తిరుగుతోంది. గేరు లేదు, క్లచ్ లేదు. రోడ్డు మీద గుంట వస్తే నడుముకు తెలిసిందే తప్ప చేతికి తెలియలేదు. నువ్వు మధ్యలో రెండుసార్లు తెర మీద పాట మార్చావు, నేను చూశాను.

నా అభిప్రాయం మొత్తం ఆ పాట మార్చడంలోనే ఉంది. కారుకు నీతో పని ఉన్నంతసేపే నీకు దానితో ఆనందం. సైబర్‌స్టర్ బరువు దాదాపు రెండు టన్నులు. ఎంజీబీ టన్ను కూడా లేదు. కొత్తదాని వెనక టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లు, పాతదానిది 155. కొత్తది రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి దాని పట్టు ఎక్కడ సడలుతుందో నీకు తెలియాలంటే బీచ్ రోడ్డు మీద ఎవరూ వెళ్లకూడని వేగానికి వెళ్లాలి. అక్కడ తప్పు చేస్తే దాన్నుంచి నేర్చుకోవడానికి మనిషి మిగలడు. పాతది అలా కాదు. తొట్లకొండ దగ్గరి మలుపులో 60కే టైరు గొణగడం మొదలుపెడుతుంది, ముందు చక్రాలు బరువెక్కుతున్న సంగతి స్టీరింగు అరచేతికి చెబుతుంది, నడుం కింద వెనక భాగం కాస్త పక్కకు ఒరుగుతుంది. నువ్వు చేసిన ప్రతి పనికీ జవాబు వస్తుంది, అదీ పోలీసులు చలానా రాయని వేగంలో. వందకు చేరడానికి దానికి పన్నెండు సెకన్ల పైనే కావాలి. ఆ పన్నెండు సెకన్లలో నీ రెండు కాళ్లకూ రెండు చేతులకూ చెవికీ పని ఉంటుంది.

ఇదంతా పాతకాలం మీద ముసలివాడి మోజు అనుకుంటావేమో. సగం నిజమే. మా ఫియట్ గురించి నేను చెప్పే మాటల్లో సగమే నమ్ము, మిగతా సగం నా ముప్ఫై మూడేళ్ల వయసు గురించి. 1986లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రీమియర్ పద్మిని అది. దాని గురించి నాకొక గర్వం ఉండేది. నేను పనిచేసిన షిప్‌యార్డుకు 1941లో పునాది వేయించినదీ, 1944లో ఆ కార్ల కంపెనీ ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను స్థాపించినదీ ఒకే మనిషి, వాల్‌చంద్ హీరాచంద్. జీతం ఇచ్చినదీ ఆయన పెట్టిన సంస్థే, జీతం మింగినదీ ఆయన పెట్టిన సంస్థే అని క్యాంటీన్‌లో అనేవాళ్లం. ఎండాకాలంలో దాని పెట్రోలు పంపు వేడెక్కి బండి నడిరోడ్డున ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు చెట్టు కింద నిలబడాలి. అది ఆనందమా? కాదు. ఎవరైనా అదే ఆనందమంటే నమ్మకు. కష్టపడి నడపడం వేరు, కష్టాలు పడుతూ నడపడం వేరు.

పాత కారుదే పైచేయి అని గుడ్డిగా అనకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1989లో జపాను వాళ్లు మాజ్దా ఎంఎక్స్-5 అని ఒక రెండు సీట్ల కారు తెచ్చారు. ఇంగ్లీషు వాళ్ల పాత ఆలోచననే తీసుకున్నారు: తేలికైన బండి, ముందు చిన్న ఇంజను, వెనక చక్రాలకు శక్తి, చేతి గేరు. తేడా ఒక్కటే, అది నూనె కారదు, పొద్దున్నే తాళం తిప్పితే మారు మాట్లాడకుండా స్టార్ట్ అవుతుంది. 2016కల్లా పది లక్షలు తయారు చేశారు. ఇప్పటి మోడల్ కూడా దాదాపు టన్ను బరువే. పాతదనంలో ఏ మహిమా లేదని అది తేల్చేసింది. మహిమంతా తేలికలో ఉంది, నీకూ రోడ్డుకూ మధ్య అడ్డం తక్కువగా ఉండటంలో ఉంది. ఆ కారు మన దేశంలో అమ్మరు. అమ్మి ఉంటే ఈ ఉత్తరం రెండు వాక్యాల్లో అయిపోయేది. అది దొరకదు కాబట్టి మనకు మిగిలింది వాల్తేరు షెడ్డు.

భయం మాట కూడా చెప్పాలి, లేకపోతే మీ అమ్మ నన్ను క్షమించదు. 1988 డిసెంబరులో అరకు నుంచి ఫియట్‌లో దిగుతున్నాం. వెనక సీట్లో మీ అమ్మ, మీ అత్తయ్య. అనంతగిరి దాటాక దిగుడులో పెట్రోలు కలిసొస్తుందని టాప్ గేరులోనే వదిలేశాను, బ్రేకు మీద కాలు పెట్టి. నాలుగు చక్రాలకూ వేడెక్కితే పట్టు తప్పే డ్రమ్ము బ్రేకులే. పది పన్నెండు మలుపులయ్యాక కాలిన వాసన వచ్చింది. తర్వాతి మలుపులో పెడలు కిందిదాకా దిగింది, బండి మాత్రం ఆగలేదు. మూడో గేరు, రెండో గేరు, హ్యాండ్ బ్రేకు, చివరికి కొండవైపు కాలువలోకి ఎడమ చక్రాలు దింపితే ఆగింది. వెనక ఇద్దరూ కొండను చూసి మురిసిపోతూ ఏమీ గమనించలేదు. దృశ్యం చూపించడానికి ఆపానన్నాను. మీ అత్తయ్యకు ఆ సంగతి ఇరవై ఏళ్ల తర్వాత తెలిసింది.

తప్పు నాదే, కారుది కాదు. కానీ కొత్త కారైతే అంతటి తెలివితక్కువతనాన్ని కూడా చాలావరకు కాసేది. ఎంజీబీకి ముందు డిస్కు బ్రేకులున్నాయి, వెనక డ్రమ్ములే. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగు లేదు, గుద్దుకుంటే ముడుచుకుని నిన్ను కాపాడే నిర్మాణమూ నామమాత్రమే. వానలో ఆ సన్న టైర్ల మీద సింహాచలం ఘాటు దిగడం సరదా కాదు. అందుకని మొదటి షరతు: అది నీ ఇంట్లో రెండో కారుగానే ఉండాలి. ఆఫీసుకూ ఆసుపత్రికీ రాత్రిపూట హైవేకూ నీ మామూలు కారే. పిల్లలను దానిలో ఎక్కించకు.

ఇక తుప్పు. మొదట చెప్పిన గోడ చెమ్మ సంగతి ఇదే. ముప్ఫై ఎనిమిదేళ్లు ఓడల కింద పాకినవాడిగా నాకు గట్టిగా తెలిసిన విషయం ఇదొక్కటే, కాస్త సాగదీస్తాను.

మన ఊళ్లో ఇనుము మీద సముద్రం రాత్రీ పగలూ పని చేస్తూనే ఉంటుంది. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడను చూశావు కదా, ఎంత త్వరగా ఎర్రబారిపోయిందో. ఓడకైతే రేకు మందం ఉంటుంది, మధ్యమధ్యలో మేం జింకు దిమ్మలు బిగిస్తాం, వాటిని తిని సముద్రం ఓడను వదిలేస్తుంది. కారు రేకు మందం మిల్లీమీటరు. దానికి ఆ రక్షణ లేదు.

ఎంజీబీకి విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. బాడీయే ఛాసిస్. పైకప్పు లేని కారు కాబట్టి బలమంతా తలుపుల కింద గుమ్మంలా పొడుగ్గా ఉండే పెట్టె రేకుల్లో ఉంటుంది. వాటినే సిల్ అంటారు. బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు, మూడు పొరలు. బయట కొత్త పెయింటు తళతళలాడుతూ లోపల రెండు పొరలూ పొడిగా రాలిపోయి ఉండొచ్చు. పైన టాపు కారిందంటే నీళ్లన్నీ చేరేది అక్కడికే. కళ్లతో చూసి కనిపెట్టలేవు. దానికి పాత పరీక్ష ఒకటుంది. ముందు తలుపు మూసి, తలుపుకూ బాడీకీ మధ్య సందును పైనా కిందా వేలితో కొలుచుకో. తర్వాత వెనక చక్రం ముందు జాకీ పెట్టి ఆ పక్కను ఎత్తు. ఇప్పుడు తలుపు తెరిచి చూడు. మామూలుగా తెరుచుకుంటే సంతోషం. పట్టేసినా, పైన సందు ఇరుకైనా, కారు నడుం విరిగినట్టే. బేరం అక్కడితో ఆపి, పెద్దాయన ఇచ్చిన కాఫీ తాగి మర్యాదగా వచ్చేయాలి.

పట్టేయకపోతే నా చిన్న సుత్తి తీసుకొస్తాను. దాని పిడి వైపుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతే రేకు ఉన్నచోట గట్టిగా మోగుతుంది, పుట్టీ పెట్టి పెయింటు కొట్టినచోట తడి చెక్కను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి రుద్దినా సరే, పుట్టీ మీద జారిపోతుంది. సీట్ల వెనక కార్పెట్టు ఎత్తు. ఆ కారుకు ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు, అక్కడే నేలలో పెట్టెల్లో కూర్చుంటాయి. యాసిడ్ ఒలికి ఆ పెట్టెల అడుగు పోవడం సర్వసాధారణం. అది పోయినా భయపడకు, గాజువాక ఆటోనగర్‌లో ఒక పూట వెల్డింగు పని. భయపడాల్సింది సిల్ గురించే. అది కూడా పోతే, ఇంగ్లండులో ఈ కారు బాడీ మొత్తం కొత్తగా నొక్కి అమ్ముతున్నారు, 1988 నుంచి. యాభై ఏళ్ల నాటి కారుకు బాడీ దొరుకుతుంది. ఇప్పటి కార్లలో ఒక కంట్రోల్ యూనిట్ ఇరవై ఏళ్ల తర్వాత దొరుకుతుందో లేదో నువ్వే చెప్పు, కంప్యూటర్ల పని చేసేవాడివి.

ఇంజను గురించి నీకు పెద్ద భయం ఉన్నట్టుంది, విదేశీ ఇంజనును ఇక్కడ ఎవరు చూస్తారని. నీకు తెలియని మాట చెబుతాను. అది మన అంబాసిడర్ ఇంజనుకు అన్నయ్య. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఇంగ్లండు బీఎంసీ కంపెనీ బి-సిరీస్ అనే ఒకే కుటుంబంలోవి. అన్ని సామాన్లూ ఒకదానివి ఒకదానికి పట్టవు గానీ, లోపలి పద్ధతి ఒకటే. అంబాసిడర్ ట్యాక్సీలతో చేతులు నల్లబడిన మెకానిక్కులు కంచరపాలెంలో, ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. బానెట్ ఎత్తగానే వాళ్ల ముఖాలు చూడు. చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. కాస్త ఓపిక పట్టాల్సినవి పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్లు, ఎస్‌యూ రకం, రెండు ఉంటాయి. రెండూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఒక కొస కార్బొరేటరు మూతి దగ్గర పెట్టి బుసను పోల్చుకుంటూ స్క్రూ తిప్పుకోవాలి. రెండు బుసలూ ఒకటైన క్షణం ఇంజను నడకే మారిపోతుంది. ఆ పని మాత్రం ఎవరికీ ఇవ్వకు, నువ్వే నేర్చుకో. పాట మార్చడం కన్నా బాగుంటుంది.

ఖర్చు పెట్టి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఈ ఇంజను వాల్వు సీట్లు, అంటే వాల్వులు వచ్చి కూర్చునే అంచులు, ఆ సీసాన్ని నమ్ముకుని చేసినవి. అందుకని ఇంజను పైభాగం, అదే హెడ్, విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరును మెత్తబరిచి పగలగొడుతుంది. ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ప్రతి గొట్టమూ, ప్రతి వాషరూ ఇథనాల్‌కు ఓర్చుకునే రకంతో మార్చాలి. పెట్రోలు గొట్టం పగిలి సైలెన్సర్ పైపు మీద కారితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. బ్రేకు సిలిండర్లూ గొట్టాలూ అన్నీ కొత్తవి. టైర్లు కొత్తవి, అరుగుదల చూడకు, తయారైన ఏడాది చూడు.

కాగితాలు నాకు విసుగు, త్వరగా చెప్పేస్తాను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో నువ్వే స్వయంగా సరిచూసుకో. ఆ రోజుల్లో విదేశీ ఉద్యోగులు తెచ్చి వదిలి వెళ్లిన కార్లు చాలా ఉండేవి, కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం లేనిదే అడ్వాన్సు ఇవ్వకు. ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 నుంచి 80 వేల రూపాయలు. యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కూ వెళ్లొచ్చు, 20 వేలతో పోతుంది, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అని వస్తుంది. ఆశపడకు. అలా చేస్తే రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, మరమ్మతుకూ పెట్రోలుకూ మాత్రమే. నీకు ఆదివారం భీమిలి దాకా వెళ్లడం కావాలా, ప్రదర్శనలో తాడు కట్టి నిలబెట్టడం కావాలా, ముందు తేల్చుకో.

నీ మీద నాకున్న అనుమానం కూడా రాస్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పాత కారును చూస్తున్నది ఫోటోల్లో. దాని వాసన, వేడి, మోకాలి నొప్పి ఫోటోల్లో రావు. అందుకని మన పాత మారుతి జెన్ మూడు నెలలు తీసుకెళ్లు. 1996 మోడల్, 993 సీసీ, పవర్ స్టీరింగు లేదు. స్పోర్ట్స్ కారు కాదని ముక్కు విరవకు. తేలికైన బండి మనిషితో ఎలా మాట్లాడుతుందో నేర్పడానికి మన రోడ్ల మీద దానికి మించిన పంతులు లేడు. దాని మీద క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు దించడం నేర్చుకో. ఒకసారి తొక్కి న్యూట్రల్, కాస్త యాక్సిలరేటరు, మళ్లీ తొక్కి కింది గేరు. జెన్‌కు అవసరం లేదు, కానీ 1967 ఎంజీబీల్లో చాలావాటికి మొదటి గేరులో సింక్రోమెష్, అంటే గేరు పళ్ల వేగాలను కలిపే ఏర్పాటు, ఉండదు, కదులుతూ ఉండగా వేస్తే గరగరమని ఊరంతా వినబడుతుంది. మూడు నెలల్లో ఒక్క ఆదివారమైనా పొద్దున ఐదున్నరకు నీ అంతట నువ్వు లేచి, పనేమీ లేకపోయినా ఎర్రమట్టి దిబ్బల దాకా వెళ్లి వచ్చావనుకో, నువ్వు పాత కారు మనిషివే. ఏసీ చల్లగా లేదని మూడో వారమే తిరిగి తెచ్చి ఇచ్చేశావనుకో, సైబర్‌స్టర్ కొనుక్కో, అందులో సిగ్గేమీ లేదు. మంచి కారు, దాని పని అది చేస్తుంది. నన్ను అప్పుడప్పుడు ఎక్కించుకో, మళ్లీ నవ్వుతాను.

షెడ్డు మాట మరిచిపోయాను. కొంటే కారు మీ ఫ్లాటు సెల్లారులో వద్దు, అది సముద్రానికి ఎదురుగా ఉంది. సీతమ్మధారలో మన ఇంటి వెనక షెడ్డు ఖాళీ చేస్తాను. మీ అత్తయ్య కొబ్బరి డొక్కలు వేరే చోటికి మారాలి. ఆ చర్చలు నేను చూసుకుంటాను.

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికి వెళ్దాం. జాకీ, టార్చి, అయస్కాంతం నేను తెస్తాను. నువ్వు మాత్రం రేపే ఆ పెద్దాయనకు ఫోన్ చెయ్యి. వస్తున్నామని తెలిస్తే, మనకు చూపించాలని మంచితనంతో ఎవరినో పిలిచి బ్యాటరీ తగిలించి తాళం తిప్పిస్తాడు. పదకొండేళ్లు కదలని ఇంజను అది, సిలిండర్లు ఎండిపోయి ఉంటాయి. ప్లగ్గులు విప్పి, నాలుగు రంధ్రాల్లోనూ చెంచాడు చొప్పున నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, చేత్తో తిరుగుతుందో లేదో చూశాకే తాళం మాట. పైగా ఆ ఏడాది కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపి ఉంటుంది, మన కార్లకు తలకిందులుగా. తెలియక ఎవరైనా మామూలుగా కలిపితే ఛార్జింగు సామాను దెబ్బతినొచ్చు. మేం వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని, ముఖ్యంగా ఆయన మనవణ్ణి ముట్టుకోనివ్వొద్దని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య